బియ్యం మింగిన పొగ డబ్బా

ఒక పెద్దాయన మీసం, ఒక రేడియో, పెట్టబోయే నా కొట్టు, ఈ మూడింటినీ ఒకే స్విచ్చితో తగలేసిన మొనగాణ్ణి నేను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు నామోషీ ఏమీ లేదు, ఉన్నదంతా ఆ రోజే ఖర్చయిపోయింది.

డెబ్బైల చివర్లో చిత్తూరులో ఒకరి దగ్గర రేడియోలు బాగుచేసేవాణ్ణి. సొంత కొట్టు పెట్టాలని ఒకటే పిచ్చి. పూతలపట్టు కూడలిలో రెడ్డిగారి వీధిగది ఖాళీగా ఉంది. ఆయన షరతు ఒక్కటే.

"మా యమ్మకు ఉబ్బసమబ్బా. నీ సోల్డరింగు పొగ ఇంట్లోకొచ్చిందా, గది ల్యా. ముందు మా రేడియో బాగుచేసి సూపించు."

కిటికీ పక్కన కూర్చుని పని చేసుకుంటే పోయేదానికి, మేధావిని కదా, మిషను కట్టాను! వనస్పతి డబ్బా అడుగున పాత టేప్ రికార్డర్ మోటారు, దానికి రేకు రెక్కలు, పక్కన సైకిల్ ట్యూబు. డబ్బా పొగ పీలుస్తుంది, ట్యూబు బయటికి వదులుతుంది. రెడ్డిగారింట్లో ఉన్న ఒక్క ప్లగ్గూ సోల్డరింగ్ ఐరన్‌కే కావాలి గనక దీనికి స్కూటర్ బ్యాటరీ. బ్యాటరీ సంచిలో, డబ్బా మెడలో వేసుకుని బయల్దేరాను.

ఇంతటి మేధావికీ అది వెంకన్న భక్తులు ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కునే పెరటాసి నెల శనివారమని తట్టలేదు. పొద్దున్నే మా అమ్మ నొసట ఇంత నామం దిద్దింది కూడా! ఆ శనివారాల్లో నామంతో, పాత్రతో గడప ముందు నిలబడినవాడికి బియ్యం వెయ్యకుండా మా జిల్లాలో ఎవరూ పంపరు. నేను నోరు తెరిచేలోపే రెడ్డిగారి అమ్మ శేరుతో వచ్చి, భక్తిగా డబ్బాలో బియ్యం పోసేసింది.

"అవ్వా, ఇది మిషను!"

"ఏదైతేనేం నాయనా, సామికే గదా."

గుమ్మరించబోయాను. "సామికేసిన బియ్యం కింద పోస్తావా?" అని కసిరింది.

రేడియో విప్పి అరుగు మీద పెట్టుకుని నా కోసం కూర్చున్న రెడ్డిగారికి అనుమానం వచ్చింది. "బియ్యంతో పన్జేస్తాదా అబ్బా?"

చేయదు అని ఒక్క ముక్క అనుంటే బతికిపోయేవాణ్ణి. "నా మిషనుకు బియ్యం ఒక లెక్కా అన్నా? సూడండి!" అని స్విచ్చి నొక్కాను.

బియ్యం పేలాల్లా ఎగిరాయి. కొన్ని విప్పి పెట్టిన రేడియోలో, కొన్ని రెడ్డిగారి మీసంలో. మిగతావి రెక్కల్లో ఇరుక్కుని మోటారు బిగుసుకుపోయింది, ఆపైన కాలింది. ఏడాదంతా సోల్డరింగు చేసినా రానంత పొగ! అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తి, అక్కడినుంచి అందుకుంది.

"ఒరే, వీడు సామి బియ్యం కాలస్తా ఉండాడురా!"

రెడ్డిగారు మీసం దులుపుకున్నారు. "పొగ తీస్తానంటివే? మాకే పొగ పెడితివి గదబ్బా! నడువింక."

చిత్తూరు బస్సు కోసం కూడలిలో నిలబడ్డాను, మెడలో డబ్బా అట్లాగే వేలాడుతోంది. పొద్దున నా గొప్పలన్నీ విన్న టీకొట్టాయన అడిగాడు.

"ఏమప్పా, గది ఏమాయ?"

"గోవిందా!" అని అరిచాను, కడుపు మండి.

ఆ కేక విని ఎదురింటావిడ, పాపం, గబగబా వచ్చి నా డబ్బాలో దోసెడు బియ్యం వేసింది.

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. పెరటాసి నెలలో మూతలేని డబ్బాతో ఎవరి గడపా తొక్కను. ఏడుకొండలవాడి మీద ఆన!