ఠాణా గడప

పాత ఇళ్ళు విప్పే పనిలో బెంగుళూరు పేటలో పిల్లప్పను మించిన మేస్త్రీ లేడు. ఎంత వంగిన గోడ కిందికైనా జంకకుండా దూరేవాడు. అలాంటి మనిషి తన నలభై ఆరో ఏట, పట్టపగలు, ఒక పాడుబడ్డ కట్టడం ముందు నిలబడి వణికాడు. దాని కింది భాగం పోలీసు ఠాణా, పైది కోర్టు కచేరీ. రెండూ వేరే చోటికి మారి చాలా కాలమైంది.

ఆ వణుకు వెనకున్న సంగతి అతనికీ, తల్లి భాగీరథమ్మకూ మాత్రమే తెలుసు. విషజ్వరాలు ఊరిని ఊడ్చేసిన ఏడాది, ఇత్తడి బిందె ఎత్తుకుపోయాడన్న అనుమానంతో తండ్రి ఓబళప్పను ఆ ఠాణాలో పెట్టారు. ఆయన లాకప్పులోనే దగ్గి దగ్గి పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. మొగుడు కోలారు గనులకు పోయాడని భాగీరథమ్మ వీధంతా చెప్పుకుంది. దొంగ కొడుకని తెలిస్తే పిల్లవాణ్ణి ఎవరు పనికి పిలుస్తారు? పిల్లప్ప కూడా అదే చెబుతూ పెరిగాడు.

విప్పేముందు మేస్త్రీ ఒక్కడే గదులన్నీ తిరిగి, ఏ దూలం దేనిమీద ఆనిందో చూసుకోవాలి. పైన కచేరీలో ముద్దాయి బోను పావురాల రెట్టతో తెల్లబడి ఉంది. బంట్రోతు తన పేరు పిలుస్తాడేమోనన్నట్టు గోడవారగా నడిచాడు. కిందికి దిగి లాకప్పు దగ్గరికి వచ్చేసరికి లోపల చీకట్లో ఎవరో దగ్గారు.

పిల్లప్ప పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ దగ్గు. అప్పుడు విరిగిన ఊచల సందులోంచి ఒక ముసలి మేక బయటికొచ్చింది. మేక దగ్గు మనిషి దగ్గులాగే ఉంటుందని తెలియనివాడు కాదు. అయినా జంకు పట్టినవాడికి తాడూ పామే.

బయట, తట్ట మోసే మునివెంకటమ్మ గడప దగ్గర నీళ్ళ కడవ పెట్టి కర్పూరం వెలిగించింది. వాళ్ళ పనిలో అది ఆనవాయితీ. ఆ కప్పు కింద పోయినవాళ్ళను పేరుపెట్టి పిలిచాకే గడప లేపాలి, లేకుంటే కప్పు మీద పడుతుందని నమ్మకం. పిలిస్తే కడవలోకి వస్తారు. ఆ కడవను వాళ్ళ రక్తసంబంధీకులు కింద దించకుండా ఇంటికి మోసుకుపోవాలి.

ఎవరిని పిలవాలని ఆమె అడిగింది. ఇక్కడెవరూ పోలేదన్నాడు పిల్లప్ప. గడ్డపార దించి ఒత్తాడు. గడప కదల్లేదు. మళ్ళీ ఒత్తేసరికి పైన దూలం కిర్రుమంది, మునివెంకటమ్మ తలమీద మట్టి రాలింది. ఆమె పక్కకు తప్పుకోలేదు. మేస్త్రీ ఎవరూ పోలేదన్నాడు కదా, భయమెందుకు?

ఆ నమ్మకం చూసి అతను ఒత్తడం ఆపాడు. అబద్ధం తనది, ప్రాణం ఆమెది. గడ్డపార వదిలేసి గడప ముందు కూలబడ్డాడు.

“ఓబళప్పా,” అన్నాడు. “నాయనా, ఈ గడప లేస్తా ఉండాది. నువ్వూ లెయ్యి. పోదాం రా.”

మునివెంకటమ్మ కడవ ఎత్తి అతని భుజానికి అందించింది.

నడిబజారులో తెలిసినవాళ్ళంతా చూస్తుండగా నడిచాడు. ఠాణా గడప కడవను ఎవరు మోస్తారో వాళ్ళందరికీ తెలుసు; ఇక ఎవరి ఇంట్లో పని దొరుకుతుందో దేవుడికే తెలియాలి. అంతకంటే పెద్ద భయం తల్లి ముఖం చూడడం. కడవ నీళ్ళు తొణికి చొక్కా తడిసింది.

ఆ రోజు పని ఎక్కడో అతను ఇంట్లో చెప్పలేదు. భాగీరథమ్మ కడవను చూసింది. కొడుకు కళ్ళు చూసింది. చెంగు తలమీదికి లాక్కుని గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

“కోలారు నుంచి రావడానికి ఇన్నేండ్లు పట్టిందా నీకు?” అంది, కడవతో.