పిన్ని గొంతుకు సరిపడే వేగం

మోటారక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మిక్సీ అయినా, కుట్టుమిషనయినా మోటారు ఆగిందంటే ఆవిడ దుకాణానికే తెస్తారు, చీవాట్లు తిని మరీ బాగుచేయించుకుపోతారు. ఎంత పాతదాన్నయినా "ఇక ఇంతే" అని వెనక్కి పంపడం ఆవిడ ఇంటావంటా లేదు. అలాంటి మనిషికి సొంత పిన్నే చుక్కలు చూపించింది.

పిన్ని ఒకప్పుడు గాయని. గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప మాట రాదు. ఆమె పాట మిగిలింది ఒక్క క్యాసెట్‌లో. అదీ ఒకే టేపు మీద నాలుగు వరసలుగా పాట ఎక్కించే నాలుగు ట్రాకుల రికార్డరులో, తన పాట మీద తనే మళ్లీ పాడుతూ ఎక్కించింది. మామూలు టేపురికార్డరులో వేస్తే అందులో సగం వెనక నుంచి ముందుకు వినిపిస్తుంది. కాబట్టి ఆ రికార్డరే బతకాలి.

"నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదే. ఒక్కసారి వినిపించు చాలు" అంది పిన్ని, దాన్ని బల్ల మీద పెట్టి.

మోటారక్క మూత విప్పింది. బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. మోటారు తిరిగినట్టే తిరిగి నీరసపడుతోంది. కొత్తది పెడదామంటే ఆ రకం తయారీ ఎప్పుడో ఆపేశారు. పాత సామాన్ల కొట్టులో దొరికినది ఎదురు దిక్కుకు తిరిగింది. పారేసి హాయిగా ఉండమని కొట్టువాడు నోరు జారాడు, వాడికి బాగానే వడ్డించి వచ్చింది. చివరికి పాతదాన్నే విప్పి, లోపలి మసి తుడిచి, ఇరుసుకు చుక్క నూనె వేసి, కొత్త బెల్టు తొడిగింది. వేగం సరిచూసుకునే క్యాసెట్ పెట్టి, మోటారు వెనక ఉన్న చిన్న స్క్రూ తిప్పుతూ వేగాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టింది.

పిన్ని వచ్చి కూర్చుంది. పాట మొదలవగానే ఆమె మొహం వాడిపోయింది.

"ఇది నేను కాదు. ఎవరో చిన్నపిల్ల."

మోటారక్క ఒంటికాలి మీద లేచింది. వేగం సరిగ్గానే ఉందని, ఏళ్లు గడిచి చెవులే మారాయని దబాయించింది. పిన్ని కళ్లు తుడుచుకుని, రికార్డరు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అంత మాట అన్నాక మోటారక్కకు ముద్ద దిగితేనా! కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. పిన్ని పాడిన రోజుల్లోనే మోటారు నెమ్మదించి ఉంటే? నెమ్మదిగా నడిచిన టేపు మీది గొంతును ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే సన్నబడక ఏమవుతుంది? మరి అప్పుడెంత నెమ్మదించిందో ఎవరు చెప్పాలి? పాట మొదట్లో హార్మోనియం మెట్టు ఒకటి వినిపిస్తుంది. ఆ హార్మోనియం ఇంకా పిన్ని ఇంట్లోనే ఉంది.

రికార్డరు చంకన పెట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్లింది. ముందు తనదే పొరపాటని ఒప్పుకుంది. తర్వాత పిన్నిని అదే మెట్టు నొక్కి పట్టుకోమంది. బాగున్న మోటారును కావాలని చెడగొట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు, చెయ్యి రానంది. అయినా పళ్లు బిగించి స్క్రూను వెనక్కి తిప్పింది. టేపులోని శ్రుతీ గదిలోని శ్రుతీ కాసేపు కీచులాడుకుని ఒక్కటయ్యాయి. ఇంకే మెకానిక్కూ సరిచెయ్యకుండా స్క్రూ మీద రంగు చుక్క వేసి, పాట పెట్టింది.

నిండైన గొంతు. మోటారక్క పిన్ని మొహమే చూస్తోంది. పై స్వరానికి ఎక్కే చోట గొంతు కాస్త జారింది. పిన్ని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనేనే. అక్కడ ఎప్పుడూ తప్పేదాన్ని. సంగీతం మాస్టారి చేత ఎన్ని తిట్లు తిన్నానో."