ఒడిలో పరీక్ష

వినికిడి పరీక్షలు చేయడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదట నేర్పేది చెవి గురించి కాదు, మొహం గురించి. ఈ ముక్క కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు.

ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రిలో ఇంటర్న్‌గా చేరిన కొత్తలో మా మేడమ్ నన్ను దళసరి తలుపున్న పరీక్ష గదిలో కూర్చోబెట్టి, తను అద్దం అవతల మిషను దగ్గర కూర్చునేవారు. స్పీకర్లలోంచి శబ్దాలు వదిలేవారు. సన్నగా ఈల వేసినట్టు ఒకటి, బొంగురుగా ఒకటి, చెవులు చిల్లులు పడేలా ఒకటి. నేను చేయాల్సిందల్లా ఏమీ విననట్టు కూర్చోవడం. కనుబొమ్మ కాస్త లేచినా మైకులో ఆవిడ గొంతు వచ్చేది. "ఫిర్ సే. చెహరా బంద్ రఖో." మళ్ళీ మొదటినుంచి, మొహం మూసి ఉంచమని. మూసి ఉంచడానికి అదేమైనా కిటికీ తలుపా? ఒళ్ళు మండిపోయేది. అసలే నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో పేరు. ఆ ముక్కు కూడా కదలకూడదట.

ఎందుకో తర్వాత తెలిసింది. చిన్నపిల్లలు వినబడిందని నోటితో చెప్పలేరు. అందుకని తల్లి ఒళ్ళో కూర్చోబెడతాం. అటూ ఇటూ స్పీకర్లు, వాటి మీద నల్లద్దాల పెట్టెలు ఉంటాయి. శబ్దం వచ్చిన వైపుకి బిడ్డ తల తిప్పితే ఆ పెట్టెలో లైటు వెలిగి, లోపల కోతిబొమ్మ డప్పు వాయిస్తుంది. బిడ్డ ఊరికే దిక్కులు చూడకుండా, ఎదురుగా నాలాంటి ఇంటర్న్ ఓ బొమ్మ పట్టుకుని కూర్చుంటుంది. శబ్దం వచ్చినప్పుడు ఇంటర్న్ కళ్ళు అటు వెళ్తే బిడ్డ కళ్ళూ అటే వెళ్తాయి. మనమేమో విన్నాడని రాసేస్తాం. తల్లి విషయమూ అంతే. అందుకే ఆవిడ చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, వానహోరు లాంటిది పెడతాం. బయట ఏం మోగుతోందో ఆవిడకి తెలియకూడదు.

జియా సరాయ్‌లో నా గదికి కిటికీ ఉండేది కానీ, దానికీ పక్క బిల్డింగు గోడకీ మధ్య చెయ్యి కూడా పట్టేది కాదు. ఆ చలికాలం బయట కూడా ఎండ లేదు, పొగమంచు కాదు, ఉత్త పొగ. వెలుతురు లేని గదిలోంచి చప్పుడు లేని గదికి వెళ్ళి రావడమే నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొహం మూసుకుని కూర్చుంటే, మెట్రోలో కూడా అది తెరుచుకునేది కాదు. వీడియో కాల్‌లో అమ్మ చూసి, ఏమే, ఎవరి మీద అలిగావు అనేది.

అలాంటి రోజుల్లో అక్క దొరికింది. అక్కంటే నా సొంత అక్క కాదు. మా ఆసుపత్రిలోనే సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సు, నర్సాపురం వైపు మనిషి. క్యాంటీన్ లైనులో నేను ఫోన్లో ఎవరినో తెలుగులో దులిపేస్తుంటే వెనక నుంచి విని, నవ్వి, మీదే ఊరమ్మా అని అడిగింది. ఆ వచ్చే ఆదివారమే చర్చి నుంచి నేరుగా మయూర్ విహార్‌లో వాళ్ళింటికి తీసుకెళ్ళి చేపల పులుసు పెట్టింది. నాకు చర్చి అలవాటు లేదు, పులుసు అలవాటు ఉంది. ప్రతి ఆదివారం తయారయ్యేదాన్ని. వాళ్ళాయన ఘాజియాబాద్‌లో ఓ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మాట తక్కువ. బాబుకి రెండేళ్ళు దాటాయి. ఒక్క మాట కూడా లేదు.

అక్కకి అనుమానం లేక కాదు. నర్సు కదా. ఎన్నాళ్ళనుంచో ఇంట్లో తనే పరీక్షలు చేస్తోంది. వంటింట్లో కుక్కర్ మూత కింద పడేస్తే చూస్తాడమ్మా, నేను డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే పరిగెత్తుకొస్తాడమ్మా అనేది. ఘాజియాబాద్‌లో ఓ క్లినిక్‌కి తీసుకెళ్తే ఒళ్ళో కూర్చోబెట్టి చూసి, వినికిడి బానే ఉంది, మగపిల్లలకి మాట ఆలస్యం అన్నారట. చర్చిలో ఆంటీలు ప్రార్థన చేశారట. నేను పులుసన్నం కలుపుకుంటూ ఆ బాబునే చూసేదాన్ని. మూత పడితే నేల అదురుతుంది. తలుపు తీస్తే వెలుతురు మారుతుంది. వెనక నుంచి పిలిస్తే మాత్రం వాడు కారుబొమ్మ చక్రం తిప్పుకుంటూనే ఉండేవాడు. ఓసారి మా దగ్గరా చూపిద్దాం అక్కా అన్నాను. పట్టువదలకుండా అంటూనే ఉన్నాను. చివరికి తెచ్చింది.

స్టాఫ్ పిల్లవాడంటే మా దగ్గర మర్యాదలు వేరు. లైను లేదు, చీటీ లేదు, ముందు చాయ్ వచ్చింది. హెడ్‌ఫోన్లు తగిలించబోతే అక్క వద్దంది. బాబు ఏడిస్తే తనకి వినబడాలి కదా, తను ఆసుపత్రి మనిషే కదా, కదలదు, మెదలదు. మేడమ్ ఒక్క క్షణం ఆగి, ఠీక్ హై సిస్టర్ అన్నారు. వేరే ఏ తల్లి అడిగినా ఒప్పుకునేవారు కాదు. నేను ప్లాస్టిక్ చిలక పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. తలుపు మూసుకుంది.

కుడివైపు మోగింది. బాబు తిరిగాడు. కోతి డప్పు వాయించింది. ఎడమవైపు మోగింది. ఇటూ తిరిగాడు. అక్క కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నాకైతే లేచి గంతులేయాలనిపించింది. ఇన్ని ఆదివారాలు అనవసరంగా భయపడ్డానా, దిక్కుమాలిన చదువు చదివి అందరిలో జబ్బులే వెతుకుతున్నానా అనుకున్నాను. మొహం మాత్రం మూసే ఉంచాను. అలా ఉంచబట్టే, ఎటూ చూడకూడదు కాబట్టే, నా చూపు బాబు పొట్ట మీద ఉన్న అక్క చేతి మీద పడింది.

మోగగానే ఆ చెయ్యి బిగుసుకుంది. ఒళ్ళు పిసరంత ఆ వైపుకి ఒరిగింది. ఆ తర్వాతే బాబు తిరిగాడు.

నేనే పొరబడ్డాననుకుని ఇంకోసారి చూశాను. ముందు చెయ్యి, తర్వాత బాబు. మళ్ళీ అంతే. అక్కకి ఆ సంగతే తెలియదు, దొంగతనం చేసేవాళ్ళ మొహం కాదది. తన బిడ్డ వినాలని ఒళ్ళంతా కోరుకుంటూ కూర్చుంది, అంతే. ఘాజియాబాద్‌లో కూడా ఇదే జరిగి ఉంటుంది.

పరీక్ష మధ్యలో ఇంటర్న్ లేవకూడదు. ఫలితం గురించి నోరెత్తనే కూడదు. నేను ఊరుకుంటే ఇంకాసేపట్లో వినికిడి బానే ఉందని కాగితం వస్తుంది, అక్క బాబుని ముద్దులాడుకుంటూ ఇంటికెళ్తుంది, వచ్చే ఆదివారం పులుసు ఇంకా బాగుంటుంది. మాటలు నేర్చుకునే వయసు మాత్రం వాడికోసం ఆగదు. ఆలస్యమైన ప్రతి నెలా వాడి నోట్లోంచి పోతుంది. చిలకని బల్ల మీద పెట్టి, లేచి, తలుపు తీసుకుని బయటికొచ్చాను. మేడమ్ కోపంగా చూశారు. ఆవిడ చేతులు, అన్నాను. అంతకంటే చెప్పాల్సిన అవసరం రాలేదు. మేడమ్ కళ్ళు మూసుకుని, తనని తనే ఏదో తిట్టుకుని, హెడ్‌ఫోన్లు స్వయంగా తీసుకొచ్చి అక్క చెవులకి పెట్టారు. చేతులు కుర్చీ మీద పెట్టుకోమన్నారు.

మళ్ళీ మొదలయింది. మోగింది. బాబు చిలకని చూస్తున్నాడు. ఇంకాస్త పెద్దగా మోగింది. చిలక ముక్కు పట్టుకోబోయాడు. తర్వాతది నా పళ్ళలోకి దిగింది. ఆ శబ్దానికి ఎంత బండరాయైనా ఉలిక్కిపడాలి. నేను పడలేదు. బాబూ పడలేదు. నన్ను చూసి నవ్వాడు.

చెవులు మూసుకున్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. వానహోరులోంచి అక్క అరిచినట్టే అడిగింది.

"మోగిందా చెల్లీ?"

నేను చిలకని ఊపాను.

"ఇప్పుడు మోగిందా?"

అక్క నా మొహంలోకే చూస్తోంది. నేను దాన్ని ఎంత బాగా మూశానంటే, అందులో చూసేందుకు ఏమీ మిగల్లేదు. ఆ ఏమీ లేకపోవడమే చూసి అక్కకి అర్థమైపోయింది. నర్సు కదా, అలాంటి మొహాలు తనూ ఎన్ని పెట్టి ఉంటుందో.

తర్వాత బాబుని నిద్రపుచ్చి, తలకి తీగలంటించి చేసే పరీక్ష కూడా చేశారు. అందులో ఒళ్ళూ చేతులూ ఏవీ మోసం చేయలేవు. రెండు చెవులూ వినవనే వచ్చింది. మేడమ్ మెల్లగా, హిందీలో, తప్పు తనదేనని కూడా చెప్పి, చెవి లోపల యంత్రం అమర్చే ఇంప్లాంట్ ఆపరేషన్ సంగతి వివరించారు. అక్క అంతా వింటూ బాబు స్వెట్టర్ గుండీలు పెట్టింది. ఒకటి తప్పు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

ఆ ఆదివారం పిలుపు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. క్యాంటీన్‌లో కనబడితే నేనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే అక్కే అంది.

"నువ్వు లేచేదాకా నా కొడుకు విన్నాడమ్మా."

అక్క నా మొహం చూసి, ఇంకా మెల్లగా, "ఇప్పుడు కూడా చూడు, ఏమీ లేదు అందులో" అని ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయింది.

కోపమొచ్చింది. నేను చేసింది మంచే కదా! ఇంకొకరైతే నోరు మూసుకుని పులుసు తాగేవారు. మెట్రోలో దారంతా అక్కతో మనసులోనే పోట్లాడాను. మా స్టేషన్ హౌజ్ ఖాస్‌లో దిగేసరికి పోట్లాట అయిపోయి ఏడుపు మిగిలింది. నాకు కావలసింది న్యాయం కాదు, అక్క. ఆ ఊళ్ళో నన్ను పేరుపెట్టి తెలుగులో తిట్టే మనిషి ఆవిడ ఒక్కతే.

ఎండాకాలంలో బాబుకి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకి యంత్రం ఆన్ చేశారు. శిక్షణ ఇచ్చే టీచరు అక్కకి ఓ నియమం పెట్టింది. బాబుని ముట్టుకుని పిలవకూడదు. భుజం తట్టకూడదు, చెయ్యి ఊపకూడదు. వెనక నుంచి పేరుతో పిలవాలి, ఆగాలి, మళ్ళీ పిలవాలి. చేయి తగిలితే వాడు చెవిని వాడడం మానేస్తాడు. సబబైన నియమమే, పుస్తకాల్లో నేనూ చదివాను. ఆ నియమం ఇంట్లో ఎలా ఉంటుందో ఓ రోజు కారిడార్‌లో అక్క చెప్పింది, నా వైపు చూడకుండానే. చేతులు వెనక్కి కట్టుకుని పిలుస్తోందట. వాడు చున్నీ పట్టి గుంజి, ఆ చేతుల కోసం వెనక్కి తిరిగి వెతుక్కుంటూ ఏడుస్తాడట. అమ్మ కోపమొచ్చి చేతులు దాచేసుకుందనుకుంటున్నాడేమోనమ్మా, అంది.

నా ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చే రోజుల్లో, వానలు పడుతుండగా, బాబుకి మళ్ళీ పరీక్ష పెట్టారు. అదే గది, అదే చిలక. ఈసారి హెడ్‌ఫోన్లు అక్కే అడిగి తీసుకుని పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నా మొహం చూడడం ఇష్టం లేకనో, భయమో. చేతులు రెండూ బాబుకి తగలకుండా గాలిలోకి ఎత్తి పట్టుకుంది.

బాబు చిలకని చూడలేదు. తల వంచి పొట్ట చూసుకున్నాడు. పైకి చూసి, అక్క చెయ్యి దొరకబుచ్చుకుని, కిందకి లాగి, పాత చోటే పెట్టుకున్నాడు. పెట్టుకుని, పైన తన రెండు చేతులూ వేసి అదిమిపట్టి, బుద్ధిగా కూర్చున్నాడు. ఇప్పుడు పరీక్షకి సిద్ధంగా ఉన్నాడన్నమాట.

అక్క కళ్ళు తెరవలేదు. గట్టిగా, గది దద్దరిల్లేలా అడిగింది.

"చెయ్యి తియ్యనా చెల్లీ?"

అద్దం అవతల మేడమ్ తల ఊపారు. అక్కకి నా మాట వినబడదు, నా మొహం కనబడదు. చిలకని పక్కన పెట్టి, బాబు వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడదీసి, అక్క చెయ్యి తీసి కుర్చీ మీద పెట్టాను. వాడు నన్ను ఎంత ఆశ్చర్యంగా చూశాడో. అంతవరకూ నేను చిలకమ్మాయిని.

సన్నగా, ఎడమవైపు మోగింది.

వాడి చూపు ఆగింది. అక్క చేతి వైపు చూశాడు. అది కదల్లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చాలాసేపటికి, తప్పు చేస్తున్నవాడిలా, నెమ్మదిగా ఎడమవైపు తిరిగాడు. లైటు వెలిగింది. కోతి డప్పు వాయిస్తోంది. వాడు నవ్వలేదు, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ మొహం వెతికాడు. అది కళ్ళు మూసుకుని ఉంది.

"మోగిందా?" అని అడిగింది అక్క.

పరీక్ష ఇంకా అవలేదు. నేను మళ్ళీ చిలకని ఎత్తాను.