అరవై నాలుగు గజాల తాడు

1974 ఫిబ్రవరి 12, మంగళవారం, కిషన్‌బాగ్. హాజరైనవారు: సర్వేయరుగా నేను, కొలత గొలుసు పట్టే ఖాజా భాయ్, పాల వ్యాపారి మల్లయ్య, పక్క భూమి యజమాని తరఫున ఆయన మున్షీ, ఇద్దరు సాక్షులు.

రోడ్డు వైపున్న మల్లయ్య బర్రెల కొట్టం జాగా ఆ పక్క భూమి యజమానికి కావలసి వచ్చింది. బదులుగా వెనక ఉన్న తన జాగా ఇస్తానన్నాడు. హద్దులు కొలిచి, సాక్షుల ముందు పంచనామా రాసి, సంతకాలు తీసుకోవడం నా పని. ఒకసారి సంతకాలు పడ్డాక మార్పించడం చాలా కష్టం.

ఆ బస్తీలో జాగాను తాడుతో చుట్టి కొలిచేవారు. ముళ్లకంచెకు ఎంత కంప కావాలో చూసుకునే అలవాటు అది. పోను పోను జాగా కొలతే అదైపోయింది. మున్షీ రెండు జాగాలనూ ఒకే తాడుతో చుట్టి చూపించాడు. రెండూ సరిగ్గా అరవై నాలుగు గజాలు. మల్లయ్య తృప్తిపడి వేలిముద్రకు సిద్ధమయ్యాడు.

నేను ఆగమని గొలుసు వేయించాను. పాతది పదహారు గజాల చదరం: రెండు వందల యాభై ఆరు చదరపు గజాలు. కొత్తది ఇరవై నాలుగు పొడవు, ఎనిమిది వెడల్పు: నూట తొంభై రెండే. చెబితే ఎవరూ నమ్మలేదు.

"తాడు ఒక్కటే గద సాబ్, జాగ ఎట్ల తగ్గుతది?" అన్నాడు మున్షీ. మల్లయ్య కూడా తలూపాడు.

అంకెలతో పని జరగదని తెలిసి, బర్రెలు ఎన్నని మల్లయ్యను అడిగాను. పదహారన్నాడు. మేత వేసే గాడి, దూడ, పాలు పిండే చోటు కలిపి ఒక్కోదానికి పాత కొట్టంలో నాలుగు గజాల చదరం ఉంది. కొత్త జాగాలో అదే కొలతకు సున్నం గీతలు గీయించి, బర్రెలను తోలుకురమ్మన్నాను. రెండు వరుసలు, వరుసకు ఆరు. పన్నెండింటితో జాగా నిండింది. నాలుగు బయట నిలబడ్డాయి.

"మున్షీ సాబ్, గీ నాలుగింటిని మీ ఇంట్ల కట్టేస్కుంటరా?" అని ఖాజా భాయ్ అడిగాడు.

మల్లయ్య బర్రెలను రెండుసార్లు లెక్కపెట్టాడు. "తాడు కంచెను కొలిచింది సార్, కొట్టాన్ని కొలువలే" అన్నాడు.

మున్షీ లొల్లి చేశాడు. రెండు విస్తీర్ణాలూ పంచనామాలో రాసి, తేడా తీరేదాకా సంతకాలు తీసుకోనని చెప్పి గొలుసు చుట్టించాను.

మర్నాడు ఉదయం యజమాని స్వయంగా వచ్చాడు. కొత్త జాగాను మరో ఎనిమిది గజాలు పొడిగించి హద్దురాళ్లు పాతించాడు. ముప్పై రెండు పొడవు, ఎనిమిది వెడల్పు: సరిగ్గా రెండు వందల యాభై ఆరు. పదహారు బర్రెలూ పట్టాయి. అయితే చుట్టుకొలత ఎనభైకి పెరిగింది. ఆ పదహారు గజాల అదనపు కంప ఎవరిదని మల్లయ్య అడిగాడు. యజమాని మున్షీ వైపు చూసి, వేయించమన్నాడు. పది గంటలకల్లా సంతకాలు పూర్తయ్యాయి.

హద్దు ఎంత పొడవో తెలిసినంత మాత్రాన లోపల ఎంత చోటుందో తెలియదు. ఆ తర్వాత నా సర్వీసులో ఏ పంచనామాలోనూ చుట్టుకొలత ఒక్కటే రాయనివ్వలేదు.