విలువ కట్టే లైసెన్సు

మా నాన్న బెల్లంపల్లిలో బొగ్గు గని కార్మికుడు. గోదావరిఖనిలో కొత్త గనులు తెరిచిన రోజుల్లో బదిలీ అయి మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. బడికి వెళ్లే దారి పొడవునా ఇళ్లు కడుతూ ఉండేవారు. మేస్త్రీలు గోడ లేపుతుంటే నిలబడి చూస్తూ బడికి ఆలస్యంగా వెళ్లి తిట్లు తినేదాన్ని.

మెట్రిక్ అయ్యాక హైదరాబాదులో సివిల్ డిప్లొమా చదువుతానన్నాను. ఆదివారం చర్చి అయిపోయాక మా మేనత్త అందరి ముందే నాన్నను నిలదీసింది. "ఆడపిల్లకు ఇటుకలు, సున్నంతోని ఏం పని తమ్మీ?"

"నాకు బొగ్గుతోని ఏం పని ఉండె అక్కా? దిగినంక నేర్చుకున్న. అదీ నేర్చుకుంటది" అన్నాడు నాన్న. ఆ మాటతో నా చదువు ఖాయమైంది.

చదువయ్యాక కరీంనగర్‌లో ఒక ముసలాయన దగ్గర చేరాను. ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టడం ఆయన వృత్తి. అన్నదమ్ముల పంపకాలకు, కోర్టు తగాదాలకు ఆయన రిపోర్టే ఆధారం. కొన్నేళ్లు ఆయన వెంట ఊళ్లు తిరిగాను. గోడ తట్టి చప్పుడు వినడం, దూలం చెదలు పట్టిందో లేదో గుచ్చి చూడటం, పక్క వీధిలో స్థలాలు ఏ ధరకు పోయాయో విచారించడం అక్కడే నేర్చుకున్నాను. తర్వాత సొంత లైసెన్సు కోసం పరీక్ష రాశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా చీర వైపు చూసి, "నిచ్చెన ఎక్కగలవా అమ్మా?" అని అడిగాడు.

"ఎంత ఎత్తు ఎక్కాలె సార్?" అన్నాను. పక్కనున్నాయన నవ్వాడు. లైసెన్సు వచ్చింది.

గోదావరిఖని బజారులో ఒక గది తీసుకుని బోర్డు పెట్టాను. వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి, "సార్ లేడా?" అనేవారు. "సార్ లేడు. నేనే" అనేదాన్ని. కొందరు కూర్చునేవారు. కొందరు మళ్లీ వస్తామని వెళ్లి రాకుండా పోయేవారు.

అలాంటి రోజుల్లోనే ఒకామె ఇంటికి విలువ కట్టే పని నాకు వచ్చింది. ఆమె భర్త గనిలో పనిచేస్తూ జబ్బు చేసి పోయాడు. పెళ్లికాని కార్మికులకు అన్నం వండిపెట్టి ఆమె బతుకుతోంది. నేను ఆమెను చిన్నమ్మా అనేదాన్ని. ఆ ఇల్లు బస్టాండుకు దగ్గర, మంచి వెడల్పున్న స్థలం. మందమర్రిలో ఉండే ఆమె మరిది, ఇల్లు అమ్మి తన సగం తనకు ఇప్పించమని కోర్టుకెక్కాడు. అతని వెనక ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. ఆ స్థలంలో సినిమా హాలు కట్టాలని అతని ఆశ. విలువ తక్కువ పడితే అతనికి ఇల్లు చవకగా దక్కుతుంది. చిన్నమ్మ చేతికొచ్చే సగంతో బజారులో ఇంకో గది కూడా రాదు.

నేను ఇల్లు కొలుస్తుండగానే కాంట్రాక్టరు వచ్చాడు.

"చెల్లే, ఈ నేల కింద బొగ్గంత తీసిన్రు. ఇయ్యాల కాకుంటే రేపు కుంగుతది. గదే రాయి. నా పనులన్నీ నీకే ఇప్పిస్త."

"కింద బొగ్గు తీసిన్రో లేదో కనుక్కొని రాస్త అన్నా" అన్నాను.

"కనుక్కునుడు ఎందుకు? నేను చెప్తలేనా?"

"నువ్వు చెప్పింది రాస్తే నాకు లైసెన్సు ఎందుకు?"

అతను విసురుగా వెళ్లిపోయాడు. నేను గని సర్వే ఆఫీసుకు వెళ్లి అనుమతి తీసుకుని మ్యాపు చూశాను. తవ్వకం బజారు, బస్టాండు దాకా రానే లేదు. ఆ సంగతి రిపోర్టులో రాసి, బస్టాండు దగ్గరి స్థలానికి ఉండాల్సిన విలువే వేసి కోర్టుకు ఇచ్చాను.

కొన్నేళ్లకోసారి ఆ లైసెన్సును రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ ఏడు నా గడువు సరిగ్గా కోర్టు వాయిదాకు ముందు ముగుస్తోంది. ఎప్పుడో పంపిన దరఖాస్తుకు జవాబు లేదు. లైసెన్సు లేకపోతే కోర్టులో నా రిపోర్టును ఎగరగొడతారు. హైదరాబాదు వెళ్లాను.

ఆఫీసరు కాగితాలు తిరగేస్తూ, "మీ మీద ఫిర్యాదు ఉందమ్మా. ఇళ్లు చూడకుండానే రిపోర్టులు రాస్తున్నారట" అన్నాడు.

"ఏ ఇల్లు సార్?"

"అది రాయలేదు."

"రాసిందెవరు?"

"సంతకం లేదు. విచారణ అయ్యేదాకా ఆగండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "సంతకం లేని ఫిర్యాదుకు నా లైసెన్సు ఆపుతరా? ఆపుండ్రి సార్. ఎందుకు ఆపిన్రో రాసి, మీ సంతకం పెట్టి ఇయ్యిండ్రి. కోర్టుల చూపిస్త. నేను చూసిన ఇండ్లన్నీ అక్కడ్నే ఉన్నయి. మీరే వచ్చి అడుగుండ్రి."

ఆయన ఫైలు మూశాడు. "వచ్చే వారం రండి" అన్నాడు.

"ఇక్కడ్నే కూసుంట" అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. భోజనానికి కూడా లేవలేదు. ఆయన అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. ఆఫీసు మూసే వేళకు ప్యూను వచ్చి లోపలికి పిలిచాడు. రెన్యూవల్ ముద్ర పడింది. ఆయన తలెత్తలేదు, నేను దండం పెట్టలేదు.

కోర్టులో అవతలి వకీలు మొదటి ప్రశ్నే, "మీ లైసెన్సు గడువు దాటిపోయింది కదా?" అని వేశాడు. తీసి జడ్జికి అందించాను. నేల కుంగుతుందన్నాడు. తవ్వకం ఎక్కడ ఆగిందో చెప్పాను. వెనక బెంచీలో కాంట్రాక్టరు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ విలువకు ఇల్లు కొనడం అతనికి గిట్టలేదు. చివరికి మరిది రాజీకొచ్చాడు. ఇల్లు అమ్మకుండా మధ్యలో గోడ పెట్టుకున్నారు. ఆ గోడ ఎక్కడ రావాలో నేనే కొలిచి ముగ్గు పోశాను. చిన్నమ్మ తన సగంలోనే కార్మికులకు అన్నం వండిపెడుతూ ఉండిపోయింది. కాంట్రాక్టరు సినిమా హాలు ఇంకో చోట కట్టుకున్నాడు.

నాకు మాత్రం పని తగ్గిపోయింది. ఇళ్లు కట్టేవాళ్లు, అమ్మేవాళ్లు అతని మాట వినేవాళ్లే. చాలా నెలలు నా గది గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఒకరోజు అమ్మ అడిగింది. "లైసెన్సు ఉన్నది, పని లేదు. ఏం చేసుకుంటవు దాన్ని?"

"ఉంచుకుంట."

ఇళ్ల ప్లాన్లు గీసి పొట్ట పోసుకుంటూ, గడువు వచ్చినప్పుడల్లా హైదరాబాదు వెళ్లి ముద్ర వేయించుకుని వచ్చాను. మెల్లగా మందమర్రి నుంచి ఒకరు, రామగిరి వైపు నుంచి ఒకరు రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ఎవరూ సార్ లేడా అని అడగలేదు.