ఆ కెమెరాకి మైకు లేదు

దెయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం లేదు. మా భీమవరంలో మేనత్తలు చెప్పే కథలకి అడ్డుపడి, "ఎవరు చూశారు? అప్పుడు కరెంటు ఉందా?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. ఏదైనా పాడైతే కారణం దొరికేదాకా అన్నం సయించదు నాకు.

మేము మైలార్‌దేవ్‌పల్లిలో యూసుఫ్ చాచా ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నాం. కింద చాచా, ఆయన భార్య అమీనా చాచీ. మేడ మీద చాచా పెంచే పావురాలు. పొద్దున వదిలితే ఊరంతా తిరిగి, సాయంత్రం ఆయన గింజల డబ్బా ఆడిస్తూ "ఆవ్... ఆవ్..." అని పిలిస్తే దిగేవి.

పిల్లులు పావురాలను ఎత్తుకుపోతున్నాయని చాచా అడిగితే మేడ మీద ఒక కెమెరా పెట్టాను. రికార్డింగులు మా ఇంట్లో సర్వర్‌లోకి వస్తాయి. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ఫ్రిజ్ పక్కన పెట్టిన పాత కంప్యూటర్. కెమెరా కొనేటప్పుడు మా ఆయన పట్టుబట్టి మైకు లేనిదే కొనిపించాడు. మేడ మీద బట్టలారేస్తూ నేను ఆయన్ని తిట్టే తిట్లు రికార్డవకూడదట!

ఈ ఏడాది వానలు వెనకబట్టాక చాచా గొంతుకి పెద్ద ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. చాచీ పిలిస్తే పావురాలు లెక్కచేయలేదు, నేను పిలిస్తే అసలే రాలేదు. పక్కిళ్ళ ట్యాంకుల మీద కూర్చునేవి. కొన్ని ఎటో వెళ్ళిపోయాయి. చాచా మేడ ఎక్కడం మానేశాడు. మిగిలినవాటిని కందుకూరులో తెలిసినవాళ్ళకి ఇచ్చేద్దామని సైగలతో చెప్పాడు.

"కబూతర్లు పోతే గీయన ఇగ మంచం దిగడు బేటీ," అంది చాచీ. "ఏంది జెయ్యాలె? ఎవరు పిలిచినా వస్తలేవు."

చాచీ కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది.

పావురాలే పోతుంటే ఇక కెమెరా ఎందుకని, పాత రికార్డింగులు చెరిపేయడానికి కూర్చున్నాను. అవి చేరేది బయట వైరుతో తగిలించిన పెద్ద డిస్కులోకి. అది ఖాళీ అయింది. కానీ కంప్యూటర్ లోపలున్న చిన్న డిస్కు నిండిపోయిందని ఎర్రగా చూపిస్తోంది. అందులో కనిపించేవన్నీ కూడితే సగం కూడా లేవు. మిగతా సగాన్ని ఏం తినేసిందో అర్థం కాలేదు.

నాకు తిక్క రేగింది. ఆదివారమంతా దానితోనే సరిపోయింది. వంట మా ఆయన చేశాడు, ఉప్పు ఎక్కువైంది.

చివరికి అనుమానమొచ్చి బయటి డిస్కు ఊడదీసి చూస్తే, మాయమైనవన్నీ దాని కిందే ఉన్నాయి. వానాకాలంలో ఎప్పుడో ఊడుస్తుంటే ఆ వైరు కదిలినట్టుంది. కొన్నాళ్ళు రికార్డింగులు లోపలి డిస్కులో అదే పేరున్న ఫోల్డరులో పడ్డాయి. వైరు మళ్ళీ సర్దాక బయటి డిస్కు వచ్చి ఆ ఫోల్డరును కప్పేసింది. మంచం మీద పరుపు వేశాక కింద పెట్టిన చీరలు కనిపించవు కదా, అంతే. ఇక్కడిదాకా వింతేమీ లేదు.

చెరిపేసే ముందు ఒకటి తెరిచాను. చాచా లుంగీ మడిచి, డబ్బా పట్టుకుని మేడ మీద నిలబడి ఉన్నాడు. స్పీకర్లోంచి "ఆవ్... ఆవ్..." అని వినిపించింది.

నా చేయి మౌస్ మీదే ఆగిపోయింది. మా ఆయన వంటింట్లోంచి వచ్చి, "ఈ కెమెరాకి మైకు లేదు కదే?" అన్నాడు.

కెమెరా దింపి, మరలు విప్పి చూశాను. మైకు లేదు. దాని డబ్బా మీదా లేదనే ఉంది. అదే ఫోల్డరులో మిగతావన్నీ తెరిచి చూశాను, అన్నీ మూగవే. ఆ ఒక్కదాంట్లోనే గొంతు ఉంది. పెదవుల కదలికకి మాట సరిగ్గా సరిపోతోంది. వెనకాల విమానం దిగుతున్న చప్పుడు కూడా ఉంది.

మర్నాడు సాయంత్రం కింది వాటాకి వెళ్ళాను. "చాచా, కెమెరా బిగించాలి, జర నిచ్చెన పట్టుకోవాలి," అని అబద్ధమాడి ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళాను. చాచీకి ఏమీ చెప్పలేదు. గింజల డబ్బా ఆయన చేతిలో పెట్టి, స్పీకర్ పిట్టగోడ మీద పెట్టి ఆ గొంతు వినిపించాను.

చాచా ఉలిక్కిపడ్డాడు. నా వైపు చూశాడు, స్పీకర్ వైపు చూశాడు. ట్యాంకుల మీది పావురాలు ఒక్కసారి లేచి, రెండు చుట్లు తిరిగి దిగసాగాయి. గోడ మీద, గూళ్ళ మీద, ఆయన కాళ్ళ దగ్గర. ఆయన గింజలు చల్లుతూ ఏడుస్తూ నవ్వుతున్నాడు. నాకూ మనసు నిండిపోయింది.

రికార్డింగు చివరిదాకా నేను అంతకుముందు వినలేదు. పావురాలన్నీ దిగాక అందులో ఆయన గొంతు చనువుగా పిలిచింది.

"అమీనా! చాయ్ లా!"

కింద వంటింట్లోంచి చాచీ వస్తున్నానని పలికింది: "ఆయీ, ఆయీ!"

మెట్ల మీద చెప్పుల చప్పుడు. రెండు కప్పులతో పైకొచ్చి, గుమ్మంలో మమ్మల్ని చూశాక, ఆయనకి మాట లేదని ఆమెకి గుర్తొచ్చింది. అలాగే నిలబడిపోయింది. చాచా వెళ్ళి ఆమె చేతిలోంచి ఒక కప్పు తీసుకున్నాడు.

పావురాలు కందుకూరు వెళ్ళలేదు. రోజూ సాయంత్రం చాచానే మేడెక్కి స్పీకర్ నొక్కుతాడు. ఆఖర్న పిలుపు వినపడగానే చాచీ "ఆయీ" అంటుంది. మైకు లేని కెమెరాలోకి ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. అన్నం మాత్రం బాగానే సయిస్తోంది. ఆ ఫైలుకి కాపీలు తీసి మూడు చోట్ల దాచాను.