ఎండలో కనపడే లైటు

నా స్నేహితుడు జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో పనిచేస్తాడు. గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. ముహూర్తాల రోజుల్లో అవే చేతులతో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఆ గిటారు శబ్దాన్ని గరగరలాడించే పెడల్ నేను చేసిందే. కాలితో ఒకసారి నొక్కితే గరగర, మళ్ళీ నొక్కితే మామూలు. బయట కొనే పెడల్ అల్యూమినియం డబ్బాలో వస్తుంది. మాది బళ్ళారి బ్రూస్‌పేటలో స్టీలు పాత్రల అంగడి కాబట్టి నాది చపాతీ డబ్బాలో వచ్చింది.

గరగర మొదలైందో లేదో చెప్పడానికి దాని మూత మీద చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఉంటుంది. వెలిగితే ఉన్నట్టు, ఆరితే లేనట్టు. ఇంత సులువైన విషయాన్ని పాడుచేయడానికి కొంత ప్రతిభ కావాలి. నాకది ఉంది. మూతకు రంధ్రం వేసి, లైటును లోపలినుంచి దూర్చి, జిగురు పూసి పని అయిందనుకున్నాను. మా గదిలో ట్యూబులైటు కింద అద్భుతంగా వెలిగింది. బళ్ళారిలోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఎండ అనే ఒకటి ఉంటుందని మాత్రం గుర్తు రాలేదు.

ఒక పెళ్ళిలో, మధ్యాహ్నం పూట, షామియానా అతిథుల మీద ఉంది, ఎండ వాద్యగాళ్ళ మీద ఉంది. మావాడు కిందికి చూశాడు. లైటు వెలిగిందో ఆరిందో తెలియలేదు. ఆరిందనుకుని అప్పగింతల పాట అందుకున్నాడు. పెళ్ళికూతురు ఏడుపు ఆపి స్పీకరు వైపు చూసింది.

ఆర్కెస్ట్రా యజమాని మైకు పక్కకు పెట్టి వచ్చాడు. "ఏనప్పా, అప్పగింతల పాటకు కంకర మిషన్ ఆడించినట్ల వాయిస్తావా? ఇంకొక్కసారి ఇట్లయితే నాకు గిటారు బేడ, వద్దు. కీబోర్డులోనే గిటారు బటనుండాది. నొక్కితే అయిపాయ."

వారమంతా రంగునీళ్ళలో నిలబడే మనిషికి ఎదురుచూడ్డానికి ఉన్నది ఆ వేదిక ఒక్కటే. ఇప్పుడు దానికోసం ఒక బటనుతో పోటీ పడాలి. తరువాతి ప్రోగ్రాం పది రోజుల్లో, అదీ మధ్యాహ్నమే. నేను ముఖం వేలాడేసుకుని క్షమాపణ మొదలుపెట్టాను. మావాడు మధ్యలోనే ఆపాడు.

"మగా, నువ్వు ఏడిస్తే లైటు కనపడ్తాదా?"

"కనపడదు."

"మరి ఏడుపు ఆపి పని చూడు."

మొదట ఇంకా తీక్షణంగా వెలిగే ఎల్‌ఈడీ పెట్టాను. మావాడు వంగి చూసి కళ్ళు నులుముకున్నాడు. కాసేపు ఎటు చూసినా వాడికి మచ్చలే. "ఇది లైటు కాదు మగా, ఎదురొచ్చే లారీ."

రెండు రోజులు ఆలోచిస్తే విషయం తెలిసింది. లోపం లైటులో లేదు, దాని మీద పడే ఎండలో ఉంది. ఎండలో ఫోను చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా, అలాంటిదేదో కావాలి. లైటు ఒక గొట్టం అడుగున కూర్చోవాలి. అంగట్లో గ్యాస్ లైటర్ తీసి, దాని స్టీలు మూతిని అంగుళం మేర కోశాను. డ్యామేజి పీసని నాన్నకు చెప్పాను. కోశాక అది నిజమే.

గొట్టం పట్టాలంటే పెద్ద రంధ్రం కావాలి, అందుకు కొత్త మూత తీశాను. డ్రిల్లు స్టీలు మీద నిలవకుండా జారి, మూతంతా ముగ్గు వేసింది. మా అంగట్లో పాత్రల మీద పేర్లు చెక్కే ముసలాయన ఇదంతా చూస్తూ కూర్చున్నాడు.

"యాడ నిలబడాలో తెలీక పరిగెత్తాండాదప్పా అది. ముందు చుక్క పెట్టు," అని తన ఉలితో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ గుంతలో డ్రిల్లు నిలిచింది. ఒక చుక్క నూనె వేసి నెమ్మదిగా తిప్పితే రంధ్రం గుండ్రంగా వచ్చింది. గొట్టం లోపల నల్ల రంగు పూశాను. ఎల్‌ఈడీ కాళ్ళు స్టీలుకు తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేశాను. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పరీక్ష పెట్టాం.

"కనపడ్తాందా?"

"కనపడ్తాంది. కాళ్ళు కాల్తాండాయి, దిగుదాం పా."

ప్రోగ్రాం రోజు పొద్దున డబ్బా మా ఇంటినుంచే బయల్దేరింది. వేదిక మీద మావాడు నొక్కాడు. గొట్టంలో ఎర్రగా ఉంది. మళ్ళీ నొక్కాడు. ఎర్రగానే ఉంది. మూడోసారి నొక్కి నా వైపు చూశాడు. "మగా, ఇది ఆరదా?"

గొట్టంలో వేలు పెట్టాను. వేలు ఎర్రగా వచ్చింది. మిక్సీ అయినా, స్కూటరైనా, కాలిక్యులేటరైనా మా ఇంట్లో కొత్త వస్తువు బొట్టు లేకుండా గడప దాటదు. అమ్మకు ఫోను చేశాను.

"పెట్టకుండా ఎట్ల పంపిస్తారా? బొట్టుకని గుంత నువ్వే చేసినావు కదా, నిండా పెట్టినా."

కుంకుమ నీళ్ళలో తడిపి పెట్టిందట. ఎండకు అది సిమెంటయింది. యజమాని అప్పటికే మైకులో అందరికీ నమస్కారం చెబుతున్నాడు. మావాడు చెమట తుడుచుకుని, "పీకు. పాట మొదలయ్యేలోపల పీకు," అన్నాడు. పాడే అమ్మాయి పమిట నుంచి ఒక పిన్నీసు తీసి ఇచ్చింది. "తిరిగియ్యాలన్నా. అది లేకుంటే నేను పాడలేను." వేదిక మీద బోర్లా పడుకుని గీకాను. ఊదాను. కుంకుమంతా నా ముఖానికే వచ్చింది. అడుగున ఎల్‌ఈడీ వెలుగుతూ కనిపించింది. నొక్కమన్నాను. ఆరింది. నేను పాక్కుంటూ దిగుతుండగానే పాట మొదలైంది.

రెండు గంటల ప్రోగ్రాంలో మావాడు కిందికి చూడడం, నొక్కడం, వాయించడం. ఒక్కసారీ తప్పలేదు. యజమాని గిటారు వైపు తల కూడా తిప్పలేదు.

అయిపోయాక వైర్లు చుడుతూ మావాడితో అన్నాడు: "గురువారం కంప్లిలో ప్రోగ్రాం. పగలే. పదకొండుకల్లా రా." తర్వాత నన్ను చూశాడు. "నువ్వు ముందు ముఖం కడుక్కో అప్పా. పెండ్లివాళ్ళు దండం పెడ్తారు."

ఆయన అటు పోగానే మావాడు డబ్బాను తువ్వాలులో చుట్టి తన బ్యాగు అడుగున పెట్టుకున్నాడు.

"ఇది మా ఇంట్లోనే ఉంటాది మగా. గురువారం మీ ఇంటికాడికి రాను, నేరుగా బస్టాండుకే పోతా."